బటన్ చుట్టూ నీలం గీత

ప్రతి శుక్రవారం పొద్దున్నే నేనొక ఉత్తరం పంపిస్తాను. వెబ్‌సైట్లు కట్టేవాళ్లకూ, వాటికి రూపం దిద్దేవాళ్లకూ తప్ప ఇంకెవరికీ పనికిరాని ఉత్తరం. ఏ బ్రౌజర్‌లో ఏం మారింది, ఏ పాత పద్ధతికి నూకలు చెల్లాయి, ఏ కొత్త పద్ధతి వట్టి ఆర్భాటం, అన్నీ అందులో ఉంటాయి. చివర్న ఒక చిట్కా. తొమ్మిదేళ్లలో ఒక్క శుక్రవారం కూడా ఎగ్గొట్టలేదు. పదకొండు వేలమంది చదువుతారు. నాకు పని వచ్చు, వచ్చని చెప్పుకోవడానికి మొహమాటమూ లేదు. మొహమాటస్తుడు చిట్కాలు రాయకూడదని నా అభిప్రాయం.

ఒక బుధవారం మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. వదిన పొద్దుటినుంచి కంప్యూటర్‌తో కుస్తీ పడుతోందనీ, అన్నం కూడా తినలేదనీ, తను పలకరిస్తే కసురుతోందనీ చెప్పాడు. వాళ్ల ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. ఐదు నిమిషాల పని కదా అని చెప్పులేసుకుని వెళ్లాను.

వదిన పంతొమ్మిదేళ్లుగా గ్రంథాలయంలో పనిచేస్తోంది. అక్కడ కొత్తగా కంప్యూటర్ల గది తెరుస్తున్నారు. ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు వచ్చి దరఖాస్తులూ ఫారాలూ నింపుకునే గది. దానికి ఒక బాధ్యురాలు కావాలి. ఆ ఉద్యోగం మీద వదిన ఎంత మనసు పడిందో ఇంట్లో అందరికీ తెలుసు. దరఖాస్తు వెబ్‌సైటులోనే పెట్టుకోవాలి, గడువు ఆ సాయంత్రం ఐదింటికి. నేను వెళ్లేసరికి మూడు దాటింది. అప్పటికే రెండుసార్లు మొత్తం నింపిందట. రెండుసార్లూ ఆఖర్న అంతా తుడిచిపెట్టుకుపోయిందట.

మీరు లేవండి వదినా, పది నిమిషాల్లో నేను నింపేస్తాను అన్నాను. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు.

"రేపు ఆ గదికొచ్చేవాళ్లకి ఫారాలు నింపుకోవడం నేర్పాల్సింది నేనే. నా ఫారమే నువ్వు నింపితే ఇంక నేనెందుకయ్యా అక్కడ? పక్కన కూర్చో, ఎక్కడ తప్పుతున్నానో చూసి చెప్పు."

కూర్చున్నాను. వదినకు రెండేళ్లుగా చేతులు వణుకుతాయి. మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు తెరమీద ఒకచోట నిలవదు. అందుకని మౌస్ మానేసి, మణికట్లు బల్ల అంచుకు ఆనించి, కీబోర్డుతోనే అన్నీ చేసుకోవడం అలవాటు చేసుకుంది. ట్యాబ్ కీ నొక్కితే ఒక గడిలోంచి తర్వాతి గడిలోకి వెళుతుంది. మూడోసారి మొదలుపెట్టి గడులన్నీ చకచకా నింపేసింది. నిజం చెప్పాలంటే నాకంటే శుభ్రంగా టైపు చేస్తుంది.

చిక్కంతా చివర్న వచ్చింది. పేజీ అడుగున నాలుగు బటన్లు వరసగా ఉన్నాయి: సహాయం, ఫోటో మార్చు, అన్నీ తుడిచేయి, పంపించు. ట్యాబ్ నొక్కుతూ పోతే ఒకదాని తర్వాత ఒకటి దాటాలి. కానీ ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నామో తెరమీద ఆనవాలు లేదు. లెక్కపెట్టుకుంటూ పోవాల్సిందే. వణుకువల్ల వదిన వేలు ఒక్కోసారి రెండుసార్లు పడుతుంది, ఒక్కోసారి అసలు పడదు. లోపల లెక్కపెట్టుకుని, ఊపిరి బిగబట్టి ఎంటర్ నొక్కింది. ఫారం మళ్లీ ఖాళీ అయింది. వదిన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటివంక చూసుకుంటూ ఉండిపోయింది.

నాకు ఒళ్లు మండింది. పంపే బటన్ పక్కనే తుడిచే బటన్ పెట్టిన తలమాసినవాడెవడు? పైగా ట్యాబ్ నొక్కినప్పుడు బటన్ చుట్టూ ఒక నీలం గీత రావాలి. బ్రౌజర్ దానంతట అదే గీస్తుంది, ఎవరూ కష్టపడక్కర్లేదు. ఈ మహానుభావుడు పనిగట్టుకుని దాన్ని తీయించాడు. వాణ్ణి శుక్రవారం ఉత్తరంలో ఉతికి ఆరేస్తానని వదినకు మాటిచ్చి, పేజీ వెనకున్న కోడ్ తెరిచాను.

గీతను మాయం చేసే లైను దొరకడానికి అరనిమిషం పట్టింది. దాని పైన, కట్టినవాడు తన గుర్తుకోసం ఒక మాట రాసుకున్నాడు: శుక్రవారం ఉత్తరంలోని చిట్కా, నూటపన్నెండో సంచిక.

ఆ ఉత్తరం నాదే. నూటపన్నెండో సంచిక నాకు బాగా గుర్తుంది. బటన్ చుట్టూ ఆ నీలం గీత చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుందనీ, ఈ ఒక్క లైను పెడితే పీడ విరగడవుతుందనీ రాశాను. ఇన్నేళ్లలో అంత మెప్పు తెచ్చిన చిట్కా ఇంకొకటి లేదు. మూడు వందలమంది ధన్యవాదాలు రాశారు. ఆ గీత ఎవరికోసం ఉందని ఒక్కరూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ముందు పని కావాలి. వదిన తెరమీద కనిపిస్తున్న పేజీలోంచి ఆ లైను తీసేశాను. అది ఆ కంప్యూటర్‌లో, ఆ కాసేపు మాత్రమే పనిచేస్తుంది. పేజీ మూసి మళ్లీ తెరిస్తే మొదటికొస్తుందనీ, ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దనీ చెప్పాను. మూడు ముప్పావుకు వదిన నాలుగోసారి మొదలుపెట్టింది. ఈసారి వేళ్లు అలిసిపోయాయి. ఒక్కో గడికీ ఆగుతోంది. చేసిన పని అనుభవం రాయమన్నచోట ఒకే వాక్యాన్ని మూడుసార్లు దిద్దింది. నా చేతులు కీబోర్డు మీదికి పోకుండా కట్టుకుని కూర్చోవడం నా జన్మలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

ఐదుకు పన్నెండు నిమిషాలుండగా పేజీ అడుగుకు చేరింది. ట్యాబ్ నొక్కింది. సహాయం చుట్టూ నీలం గీత వచ్చింది. మళ్లీ నొక్కింది, వేలు రెండుసార్లు పడింది. గీత ఒక బటన్ దాటేసి తుడిచే బటన్ చుట్టూ నిలబడింది. వదిన చూసింది, ఆగింది, నెమ్మదిగా ఇంకొక్కసారి నొక్కింది. గీత పంపించు మీదికి వెళ్లింది. ఎంటర్ నొక్కింది. దరఖాస్తు అందినట్టు నంబరొచ్చింది.

అన్నయ్య గుమ్మంలోంచే చప్పట్లు కొట్టాడు. వదిన ఆ నంబరు కాగితం మీద రాసుకుని, ఇంతకీ ఆ గీత తీయించినవాడెవడో తేలిందా అని అడిగింది. తేలలేదని చెబితే సరిపోయేది. కానీ పదకొండు వేలమందికి ధైర్యంగా చెప్పిన మాట తప్పని ఒక్క మనిషికి చెప్పలేకపోతే నా ధైర్యం ఎందుకు తగలెయ్యనా? నేనేనని చెప్పాను. ఎప్పుడు రాశానో, ఎందుకు రాశానో, ఎంతమంది మెచ్చుకున్నారో, ఏదీ దాచలేదు.

వదిన తిడుతుందనుకున్నాను. ఆవిడ వేరే సంగతి అడిగింది.

"నీ ఉత్తరం కావాలంటే పేరు నమోదు చేసుకునే పేజీ ఉంది చూడు, దానికీ గీత తీసేశావా?"

తీసేశానన్నాను. మొదట తీసింది దానికే.

"రెండుసార్లు ప్రయత్నించానయ్యా. మా మరిది ఏం రాస్తాడో చదువుదామని. ఎక్కడ నొక్కానో ఏమో, ఒక్క ఉత్తరం కూడా రాలేదు. నీకు చెబితే నవ్వుతావని ఊరుకున్నా. నా చేతులు ఇంక దేనికీ పనికిరావేమో అనుకున్నా."

క్షమించండి వదినా అన్నాను. అక్కడే, ఆ బల్ల దగ్గరే, నా పేజీ తెరిచి ఆ లైను పీకేశాను. తర్వాత కీబోర్డు ఆవిడవైపు జరిపాను. తన చిరునామా తనే టైపు చేసి, నీలం గీత చూసుకుని, ఎంటర్ నొక్కింది.

ఆ శుక్రవారం వార్తలన్నీ పక్కన పెట్టేశాను. నూటపన్నెండో సంచికలో నేను చెప్పింది తప్పు, ఆ లైను మీరు ఎక్కడెక్కడ పెట్టారో అక్కడల్లా ఇవాళే తీసేయండి అని మొదటి వాక్యం రాశాను. మా వదిన నా ఉత్తరాల్లో మొట్టమొదట చదివింది అదే.