సరిచూశాను

నాలుగో దొంతర కోసేసరికి పది దాటింది. అతను అయిదో దొంతరను బల్ల మీద నిలబెట్టి, రెండు అరచేతులతో నాలుగువైపులా తట్టి, మధ్యలో గాలి పోయేలా ఒకసారి విదిలించి, మళ్ళీ తట్టాడు. అంచులన్నీ కలిసి నున్నటి గోడలా నిలిచాక యంత్రంలోకి తోశాడు. బిగింపు పలక దిగి కాగితాన్ని అదిమిపట్టింది. రెండు బొత్తాలనూ రెండు చేతులతో ఒకేసారి నొక్కాడు. చెయ్యి పొరపాటున కత్తి కింద ఉండిపోకుండా చేసిన ఏర్పాటు అది. పాత యంత్రానికి ఆ ఏర్పాటు లేదు. ఎడమచేతి ఉంగరపు వేలి చివరి కణుపు దానికే పోయింది. కత్తి దిగింది, లేచింది. సన్నటి కాగితపు పీలికలు కాళ్ళ దగ్గరి గోనెలోకి జారాయి.

ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. ప్రెస్సులో అందరూ అతన్ని బ్లేడన్న అంటారు. వాగి వాగి ప్రాణం తీసేవాణ్ణి బ్లేడనడం లోకంలో అలవాటు. ఇతనేమో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పట్టుమని పది మాటలు మాట్లాడడు. కత్తి దగ్గర నిలబడతాడని మొదట ఎవరో ఆ పేరు పెట్టారు, నోరు మెదపడు కదా అని వెటకారానికి మిగతావాళ్ళు దాన్ని ఖాయం చేశారు. అతను అభ్యంతరం చెప్పలేదు. ఏ పేరుతో పిలిచినా పని చెప్పడానికేగా.

యంత్రం పక్కన కింది అరలో, టిఫిన్ డబ్బా వెనక, ఒక చెప్పుల అట్టపెట్టె ఉంది. పొద్దున గడప దాటుతుంటే కూతురు పరుగెత్తుకొచ్చి చేతిలో పెట్టింది.

"నాన్నా, ఇవన్నీ ఒకే సైజుకి కోసుకురా. అక్షరాలు పోకూడదు. బైండింగ్ అత్తకి చెప్పి కుట్టించు. నేనడిగానని చెప్పు, కుడుతుంది."

"ఇప్పుడెందుకే ఇదంతా?"

"సోమవారమే కదా నాయనమ్మని పంపిస్తున్నారు. అక్కడ తన గురించి ఎవరికి తెలుసు? తనకి మాత్రం ఎవరు గుర్తుంటారు?"

పంపిస్తున్నారు అంది. పంపిస్తున్నాం అనలేదు. ఆ ఒక్క అక్షరం చెప్పులో దూరిన రాయిలా బస్సెక్కేదాకా గుచ్చుతూనే ఉంది.

కూతురికి పదిహేనేళ్ళు. ఆరేడేళ్ళ వయసులో జ్వరమొచ్చి మంచాన పడినప్పుడు, ఊరుకోబెట్టడానికి గోనెలోంచి గుప్పెడు రంగు పీలికలు తెచ్చి ఇచ్చాడు. అంతే, ఇక వదల్లేదు. పీలికలతో పువ్వులు, పువ్వులతో కార్డులు, కార్డులకు కవర్లు. పుట్టినరోజైతే కార్డు, పరీక్ష తప్పిన స్నేహితురాలికి కార్డు, పన్ను పీకించుకున్న ఎదురింటి పిన్నిగారికి కూడా కార్డు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం చదవడం పూర్తయ్యేసరికి అందులోని ఏదో మాటకు పిల్ల చేతిలో ఒక బొమ్మ తయారయ్యేది. బస్సు టికెట్లు, ఎండిన ఆకులు, చొక్కాల అట్టలు, దారం ముక్కలు, అన్నీ ఒక లావుపాటి నోటుబుక్కులో అంటించి, పక్కనే ఎప్పుడు ఏమి తట్టిందో రాసుకునేది. రోజంతా కాగితం మోసి, కాగితం కోసి, చొక్కా విదిలిస్తే కాగితపు దుమ్ము రాలే మనిషికి, ఇంటికొచ్చినా కూర్చోబోయే చోటల్లా కాగితమే. "చదువుకోవే" అని కసిరి, మంచం మీంచి కత్తెర పక్కకు తోసి, నడుం వాల్చేవాడు. అయినా మర్నాడు గోనెలో మంచి రంగు పీలిక కనిపిస్తే చెయ్యి దానంతటదే జేబులో పెట్టుకునేది.

అతని తల్లి ఇదే ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దింది. అతనికి ఇక్కడ పని ఇప్పించింది ఆమే. కిటికీ పక్క బల్ల, ఎర్ర పెన్సిలు, ముక్కు చివరికి జారిన కళ్ళద్దాలు. దిద్దడం అయిపోయిన ప్రతి కాగితం కింద "సరిచూశాను" అని రాసేది. ఆ మాట పడనిదే ఏ పేజీ అచ్చుకు వెళ్ళేది కాదు. మూడేళ్ళ కిందట ఆమె మొదట పొయ్యి ఆర్పడం మరిచిపోయింది. తర్వాత వీధి మరిచిపోయింది. కిందటి చలికాలంలో ఒక పొద్దున టీ అందిస్తున్న కొడుకుని చూసి, "నువ్వెవరు బాబూ?" అంది. అప్పటినుంచి రోజూ అంటోంది.

అతను రోజూ ఒకే జవాబు చెప్పేవాడు. "నీ కొడుకునమ్మా." మొదట్లో నవ్వుతూ, తర్వాత మామూలుగా, ఈమధ్య మొహం పక్కకు తిప్పుకుని.

అట్టపెట్టెలోని ఈ కార్డుల సంగతి అప్పుడే మొదలైంది. ఇంట్లో ఒక్కొక్కరి మీద ఒక్కో కార్డు చేసి, మనవరాలు నాయనమ్మ మంచం పక్కన తాడు కట్టి వేలాడదీసింది. కిటికీకి ఒకటి, స్నానాల గదికి ఒకటి, మందు సీసాకు ఒకటి. మనుషుల్ని మరిచిపోయింది గాని, విచిత్రంగా, ముసలావిడ అక్షరాలు మరిచిపోలేదు. మనవరాలి పేరు నోటికి రాకపోయినా, ఆ పిల్ల చేతిలో కాగితం చూస్తే పక్కకు జరిగి చోటిచ్చేది.

ఈలోగా ఒకరోజు తల్లి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. రెండు గంటలు వెతికితే ప్రెస్సుకు వచ్చే బస్సు స్టాపులో, పనికి ఆలస్యమైందని కంగారుపడుతూ కనిపించింది. సెలవులైపోతే పిల్ల బడికి పోతుంది. భార్య ఆసుపత్రి లాండ్రీలో పొద్దున ఆరింటికల్లా ఉండాలి. అతను ఎనిమిదింటికి ఇక్కడుండాలి. వృద్ధాశ్రమం చూసొచ్చాడు. మంచి చోటే. గాలీ వెలుతురూ ఉన్నాయి, గేటుకు తాళం ఉంది. సోమవారం తీసుకొస్తానని చెప్పాడు. ఇవాళ శుక్రవారం.

భోజనం గంట కొట్టాక అందరూ వరండాలోకి వెళ్ళారు. అతను డబ్బా విప్పకుండా అట్టపెట్టె విప్పాడు. ఒక్కో కార్డు ఒక్కో కొలత. అక్షరాలు ఎంతవరకు ఉన్నాయో చూస్తేగాని కోత గీత పెట్టలేడు. అలా చూడాల్సి వచ్చింది కాబట్టే చదివాడు.

"ఇది నీ కిటికీ. పొద్దున ఎండ వస్తుంది, మధ్యాహ్నం పోతుంది. భయపడకు, రేపు మళ్ళీ వస్తుంది."

"ఈమె నీ కోడలు. చేతులు సబ్బు వాసన వస్తాయి. ముందు విసుక్కుంటుంది, తర్వాత తల దువ్వుతుంది."

పిల్ల రాతలో అక్కడక్కడ ఎర్ర గీతలున్నాయి. 'ల' ఉన్నచోట 'ళ'. తప్పిన వత్తు పక్కన వత్తు. ప్రతి కార్డు కింద, వణుకుతున్న అక్షరాలతో, సరిచూశాను.

అతనికి నవ్వొచ్చింది. అమ్మ దగ్గర ఎవరి ఆటలూ సాగవు అనుకున్నాడు.

అడుగున ఉన్న కార్డు మిగతా వాటికంటే పెద్దది. బూడిదరంగు అట్ట పీలికలు అంటించి చేసిన మనిషి. ఎడమచేతికి నాలుగు వేళ్ళు మామూలుగా, ఒకటి పొట్టిగా ఉన్నాయి. పక్కన చిన్న అక్షరాలు కిందిదాకా ఉన్నాయి.

"ఇతను నీ కొడుకు. కాగితాలు కోస్తాడు. ఎడమచేతిలో ఒక వేలు పొట్టి. ఎక్కువ మాట్లాడడు. కోపంగా ఉన్నాడనుకుంటావు. కోపం కాదు. అలిసిపొయ్యాడు. నాకు రంగు కాగితాలు తెస్తాడు, తెచ్చానని చెప్పడు. నువ్వెవరు అని అడిగితే బయటికెళ్ళి నిలబడతాడు. అందుకని అడక్కు, ఇది చదువుకో."

'అలిసిపొయ్యాడు' మీద ఎర్ర గీత. పైన, 'అలసిపోయాడు'. కింద, అన్నిటికంటే ఎక్కువ వణికిన చేతితో, సరిచూశాను.

ఎప్పుడు వచ్చిందో, బైండింగ్ అక్క సూదీ దారం పట్టుకుని పక్కన నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా పక్క బల్ల మీద పుస్తకాలు కుట్టే మనిషి.

"నా మేనకోడలు పంపిందా? ఇటియ్యి, కుట్టేస్తా." కార్డులు చేత్తో సర్దింది. "ఇదొక్కటి పెద్దదుందేం? కింద రెండు వరసలు కోసెయ్ బ్లేడన్నా. బొమ్మ ఎలాగూ ఉంటుంది."

"వద్దు."

"మరెలా? బయటికి పొడుచుకొస్తుంది."

"మడతపెట్టు."

ఆమె అతని మొహం చూసింది. కాగితం మడతలు నొక్కే ఎముక పలకతో కార్డు కింది అంచును జాగ్రత్తగా మడిచింది. మిగతావాటిని అతను కోశాడు. అన్ని రీములు కోసిన చేతులు ఆ ఇరవై మూడు కార్డులకు వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా మూడుసార్లు కొలత చూసుకున్నాయి.

ఆ తర్వాత అతను చేసిన పని గురించి ప్రెస్సులో చాలా రోజులు చెప్పుకున్నారు. తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళి, "సోమవారం నుంచి నాకు మధ్యాహ్నం షిఫ్టు వెయ్యండి సార్" అన్నాడు.

"ఏంటీ, బ్లేడన్న నోరు విప్పాడే! ఏమొచ్చింది?"

"మా అమ్మని పొద్దుటిపూట నేను చూసుకోవాలి."

మేనేజరు రిజిస్టరు మూసేశాడు. తన మొదటి ఉత్తరంలో పదకొండు తప్పులు పట్టిన ప్రూఫుల మేడమ్ అతనికింకా గుర్తుంది. "సరే. మేడమ్ గారిని అడిగానని చెప్పు."

ఇంతేనా అనిపించింది. పొద్దుట తను, మధ్యాహ్నం భార్య, నడుమ ఒక గంట ఎదురింటి పిన్నిగారు. ఆర్నెల్లుగా ఈ చిన్న లెక్క ఎందుకు తట్టలేదో అతనికి అర్థం కాలేదు. తట్టడానికి కూడా కాస్త ఓపిక మిగలాలి కాబోలు.

ఇల్లు చేరేసరికి అయిదున్నర. వంటింట్లో భార్య కూరలు తరుగుతోంది. ముందుగదిలో కిటికీ పక్కన నాయనమ్మా మనవరాలూ బల్ల ముందు కూర్చుని, నీలం కాగితం మడిచి ఏదో అంటిస్తున్నారు. ముసలావిడ ముంగురులకు కూడా గమ్ము అంటుకుంది.

"వెనక అట్టకి జేబు నాన్నా. నాయనమ్మే చేస్తోంది. కుట్టించావా?"

అతను పుస్తకం ఇచ్చాడు. పిల్ల పుస్తకం వెన్ను నిమిరి, అంచుల మీద వేలు జార్చి, పెద్ద కార్డు దగ్గర ఆగింది. మడత విప్పి చూసి, మళ్ళీ మడిచి, తల దించుకుంది.

"చదివావా?"

"ఊఁ." చొక్కా బొత్తం విప్పుకుంటూ, గోడకేసి చూస్తూ చెప్పాడు. "సోమవారం ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు. షిఫ్టు మార్చుకున్నా."

తరుగుడు చప్పుడు ఆగింది.  పిల్ల గబగబా లేచి, తను కూర్చున్న కుర్చీని నాయనమ్మ పక్కగా అతనికోసం జరిపింది.

ముసలావిడ కళ్ళద్దాల మీంచి అతన్ని చూసింది.

"నువ్వెవరు బాబూ?"

జవాబు నోటిదాకా వచ్చింది గాని, అతను చెప్పలేదు. పుస్తకం తెరిచి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె అలవాటుగా వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా చదివింది. మడత దగ్గర ఆగి, విప్పి, చివరిదాకా చదివింది. తర్వాత అతని ఎడమచెయ్యి అందుకుని, వేళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు తడిమి, పొట్టి వేలు దగ్గర ఆగింది.

"అవును, అలసిపోయావు," అంది. "కూర్చో."

అతను కూర్చున్నాడు. ఆమె చెయ్యి వదల్లేదు. కిటికీలోంచి గాలి వస్తోంది. వంటింట్లో మళ్ళీ తరుగుతున్న చప్పుడు, అటువైపునుంచి పిల్ల తల్లితో ఏదో గుసగుసగా చెబుతున్న మాట. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకున్నాడు. చిన్నప్పుడు ప్రెస్సు కిటికీ పక్కన, ఆమె దిద్దుతుంటే కుర్చీలోనే నిద్రపోయినట్టు, కన్నంటుకుంది.

"నాన్నా."

కూతురు రెండు టీ గ్లాసులతో నిలబడి ఉంది. గదిలో ఇంకా వెలుతురుంది.

"నాన్నా, నాయనమ్మ చూడు."

తల్లి తల కిటికీవైపు ఒరిగి ఉంది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. ఆమె వేళ్ళు అతని చేతిలోనే ఉన్నాయి, పట్టు మాత్రం లేదు. అతను కదల్లేదు. కదిలితే ఆ చెయ్యి జారిపోతుందని కాబోలు, భార్య వచ్చి భుజం పట్టుకునేదాకా అలాగే కూర్చుండిపోయాడు.

రెండు రోజులు ఇంటినిండా మనుషులు. ఎవరెవరో వచ్చారు, ఎవరెవరో ఓదార్చారు. పుస్తకాన్ని పిల్ల నాయనమ్మతోనే పంపించింది. ఎవరూ వద్దనలేదు.

సోమవారం పొద్దున వృద్ధాశ్రమం నుంచి ఫోనొచ్చింది. మంచం సిద్ధంగా ఉంచామన్నారు.

"అక్కర్లేదండీ," అన్నాడు.

ఎందుకని అడిగారు. చెప్పాడు. ఫోను పెట్టేశాక ఏం చెయ్యాలో తోచలేదు. మధ్యాహ్నం దాకా పని లేదు. భార్య లాండ్రీ పనికి వెళ్ళింది, పిల్ల ఏడ్చి ఏడ్చి పక్కగదిలో నిద్రపోతోంది. ఇంత పొద్దున ఈ ఇంట్లో ఊరికే కూర్చోవడం అతనికి తెలియదు. లేచి, బల్ల మీది సామాను సర్దబోయి ఆగాడు.

అంటించకుండా మిగిలిపోయిన నీలం కాగితపు జేబు ఒక మూల ఉంది. అంచులు కలవలేదు, ఒకవైపు వంకరపోయింది. పైన, గట్టిగా అదిమినచోట, ఆరిన గమ్ములో ఒక బొటనవేలి ముద్ర, గీతలన్నీ స్పష్టంగా, కిటికీ ఎండకు మెరుస్తోంది.