ముప్పై అయిదు నిమిషాలే!

ఛాయాదేవికి ఆ మాట వింటేనే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆర్నెల్లుగా తాముండే క్యారీ ఊళ్ళో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆమె భర్త భీమశంకరానిది అదే పాట. "పాగో పాగో నుంచి అపియాకి ఎనభై మైళ్ళేనండీ! మనం గ్రీన్స్‌బరో డ్రైవ్ చేసినంత. ఫ్లైట్ ముప్పై అయిదు నిమిషాలే. ఇటు ఎక్కడం, అటు దిగడం!"

రెండూ పసిఫిక్ సముద్రం నట్టనడుమ దీవుల్లోని ఊళ్ళు. వాళ్ళమ్మాయి మృదుల అపియాలో డాక్టరు. తోటి డాక్టరుతో పెళ్ళి, అక్కడే, శనివారం ఉదయం పదింటికి ముహూర్తం. ప్రయాణమంతా ఆయనే ప్లాన్ చేశాడు. రిటైరైన ఇంజినీరాయె, ఇంకొకరిని వేలు పెట్టనిస్తాడా?

టికెట్లు ప్రింట్ చేసిన రోజే ఆవిడ అడిగింది.

"ఏమండీ, శనివారం ఏడింటికి ఎక్కితే దిగేది ఆదివారం అని ఉందేమిటి?"

"ముప్పై అయిదు నిమిషాల ఫ్లైట్ ఆదివారం ఎలా దిగుతుందే, పిచ్చిదానా! టైపింగ్ మిస్టేక్. రెండు చోట్లా టైం ఒకటే, నెట్‌లో చెక్ చేశాను."

చేశాడు, గడియారం మాత్రమే చూశాడు! పక్కనే ఉన్న తారీఖు చూడాలని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఆవిడా మళ్ళీ అడగలేదు. నలభై ఏళ్ళ అలవాటు మరి.

శుక్రవారం పొద్దున్నే పాగో పాగో హోటల్లో ఆయన తీరిగ్గా కాఫీ తాగుతుండగా ఆవిడ ఫోన్ మోగింది.

"అమ్మా, ఎక్కడున్నారు? ఏడున్నరకి దిగుతామన్నారుగా! పంతులుగారు మీకోసం అడుగుతున్నారు."

"పెళ్ళి రేపు కదే?"

"ఇవాళేనమ్మా! ఇక్కడ శనివారం. మధ్యలో డేట్ లైన్ ఉంది, మీరు ఒక రోజు వెనకున్నారు. నాన్న చూసుకోలేదా?" మృదుల ఏడ్చేసింది. "ఎవరో ఒకరు రండమ్మా, ప్లీజ్."

పడుతూ లేస్తూ ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తారు. ఎనిమిదిన్నర విమానంలో ఒక్కటంటే ఒక్క సీటుంది. ఆ రోజు తక్కినవన్నీ నిండిపోయాయి.

"నేను వెళ్తాను," అన్నాడు భీమశంకరం, పాస్‌పోర్ట్ తీస్తూ. "కన్యాదానంలో కాళ్ళు కడగాల్సింది తండ్రి. నువ్వు పోసేది నీళ్ళే కదా."

ఛాయాదేవికి ఒళ్ళు మండిపోయింది. ఇంత చేసి, ఇంకా ఈయనగారే వెళ్ళాలా! ఆయన చేతిలోంచి తలంబ్రాల సంచీ లాక్కుని, తన పాస్‌పోర్ట్ కౌంటర్ మీద పెట్టింది.

"నీళ్ళు నేనే పోసుకుంటాను, కాళ్ళూ నేనే కడుగుతాను. మీరు రేపు రండి. ముప్పై అయిదు నిమిషాలేగా, ఇటు ఎక్కడం, అటు దిగడం!"

ఆవిడ విమానం ఎక్కబోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు. అద్దాల వెనక ఆయన కళ్ళజోడు సవరించుకుంటూ టికెట్ చదువుతున్నాడు. దిగేది ఆదివారం అని దాని మీద స్పష్టంగానే ఉంది.