గరుకు రెక్క

రెక్కల్ని పరీక్షించే చలిగదిలో సన్నటి తుంపర మొదలైంది. చినుకుగారు అద్దానికి ముక్కు ఆనించి, లోపల గిర్రున తిరుగుతున్న హెలికాప్టర్ రెక్కల్ని చూస్తున్నాడు. ఆయన అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. వాన పడితే లోకమంతా గొడుగు వెతుక్కుంటుంది. ఈయన తెరిచిన గొడుగు మూసేసి చినుకు ఎటు జారుతుందో చూస్తాడు. పెళ్లిలో తన మొహం కన్నా కిటికీ మీది నీటిబొట్టునే ఎక్కువసేపు చూశాడని భార్య ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. ఆయన కాదనడు. ఆ బొట్టు సగంలో ఎందుకు ఆగిందో ఇంకా తేలలేదంటాడు.

గడ్డకట్టే వానలో రెక్కల మీద మంచు పేరుకుంటుంది. అన్నిటి మీంచీ ఒక్కసారే ఊడితే బాధలేదు. ఒకదాని మీద ఊడి తక్కినవాటి మీద ఉండిపోతే, హెలికాప్టర్ పిల్లి నోట్లో ఎలుకలా ఊగిపోతుంది. అలాంటి వానలో ఎగరొచ్చో లేదో ఆయన సాయంత్రంలోగా చెప్పాలి. కొండల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే హెలికాప్టర్ నడిపేది ఆయన మేనకోడలే.

లోపల మంచు ఊడింది. అన్ని రెక్కల మీంచీ ఒకేసారి, అరటిపండు తొక్క ఒలిచినట్టు. మెకానిక్ సంబరపడ్డాడు. ఇంత మర్యాద తెలిసిన మంచును చినుకుగారు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మిషన్ ఆపించి, లోపలికెళ్లి రెక్క అంచు తడిమాడు. ఏళ్ల తరబడి వాన దెబ్బలు తిని హెలికాప్టర్ మీంచి దిగిన రెక్క అది, గరుకుగా ఉండాలి. గాజులా జారుతోంది.

"దీన్నేం చేశావురా?"

"పాతవి కదండీ, చూడ్డానికి బాగోలేవని ఉప్పుకాగితంతో రుద్దాను."

చినుకుగారి కోపం ఎంత నిదానమంటే, అది వచ్చేలోపు అవతలివాడు రిటైరైపోతాడు. "మరి గాల్లో ఉన్నప్పుడు నిచ్చెనేసుకుని నువ్వే వెళ్లి రుద్దొస్తావా?" అన్నాడంతే.

రుద్దని రెక్కలు గోదాంలోంచి తెచ్చి బిగించారు. ఈసారి మంచు మొండికేసింది. మందంగా పేరుకుని, ఒక్క రెక్క మీంచి మాత్రం ధన్‌మని ఊడిపడింది. గది గోడలు పళ్లు కొరికాయి. మెకానిక్ బల్ల కింద దూరాడు. చినుకుగారు మాత్రం మిషన్ ఆగీ ఆగకముందే లోపలికి పరిగెత్తాడు. వదలని మంచు మీద చెయ్యేస్తే చేతికున్న తడి ఊలు తొడుగు దానికే అంటుకుపోయింది. కరిగాక అదే వస్తుందిలెమ్మని వట్టిచేత్తో బయటికొచ్చాడు.

ఫోన్ మోగింది.

"మావయ్యా, ఎగరొచ్చా?"

"వద్దు తల్లీ."

"అవతల కాలు విరిగి ఒకడు కొండమీద పడున్నాడు. ఇలాంటప్పుడు కూడా అడ్డుపడతావా?"

"నువ్వూ పడితే ఇద్దరి కోసం ఇంకొకళ్లు ఎక్కాలి. వాన తగ్గనీ."

"సరే, తగ్గగానే వెళ్తా," అంది.

తర్వాత ఆయన కుర్చీలో జారగిలబడి, మంచు ఊడిన వీడియో పెట్టించుకున్నాడు. ఆ రెక్కే ముందెందుకు వదిలింది? ఆ చోటు రాగానే వేలెత్తేవాడు, మెకానిక్ ఆపేవాడు. వెనక్కి తిప్పి మళ్లీ వేసేవాడు. చివరిసారి వేలు లేవలేదు. వీడియో చివరిదాకా నడిచి తెర నల్లబడింది. మెకానిక్ పిలిచాడు. తర్వాత దగ్గరికెళ్లి, మెల్లగా ఆయన కళ్లద్దాలు తీసి కనురెప్పలు మూశాడు.

బయట వాన తగ్గింది. కొండవైపు హెలికాప్టర్ చప్పుడు సాగిపోయింది. చలిగదిలో రెక్క అంచున, వేళ్లు ముడుచుకున్న ఊలు తొడుగు మంచును పట్టుకునే ఉంది.