పిల్లలకోడి పట్టిన కిటికీ

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. కర్నూలులో ఒక ఎముకల ఆసుపత్రిలో, యంత్రం నోట్లోంచి వెచ్చవెచ్చగా బయటపడ్డాను. నా ఒంటి మీద ఉన్నది పత్తికొండ ఈరమ్మ తొడ ఎముక. తెల్లటి ఎముకకు అడ్డంగా ఒక నల్లటి గీత. ఆ గీతను చూడటానికే నన్ను పుట్టించారు. డాక్టరు నన్ను వెలుతురుకు ఎత్తి చూశాడు, ఆపరేషన్ చేసి రాడ్డు వేశాడు, అంతటితో నా పని అయిపోయింది. మా జాతి బతుకంతా ఇంతే. ఆ తర్వాత బీరువా మీద దుమ్ములో పడి ఉంటాం. గ్రహణం వచ్చినప్పుడు మాత్రం ఎవరికో గుర్తొచ్చి, వద్దని ఎంతమంది మొత్తుకున్నా వినకుండా, మమ్మల్ని కళ్లకు అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూస్తారు. మా మీద మనుషులకు అంత నమ్మకం ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నన్ను బీరువా మీదినుంచి దించినవాడు ఈరమ్మ తమ్ముడు సుంకన్న. అతనికి బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పెద్దమనిషి ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫోటోలు అతని జీవనం. అతని పిచ్చి వేరే. ఆకాశంలో కంటికి ఆనని వాటిని ఫోటో తీయడం. పెళ్లి కెమెరాకే పొడుగాటి లెన్సు తగిలిస్తాడు. చుక్కలతోపాటు మెల్లగా తిరిగే చిన్న యంత్రం మీద దాన్ని కూర్చోబెట్టి, గంటల తరబడి ఒకే చోటికి గురి పెడతాడు. అంతసేపు పడితేగానీ అంత దూరపు మసక వెలుగు ఫోటోలో తేలదు. అందుకే రాత్రికి ఒక్కటే తీయగలడు. ఆ ఒక్కటి ఏదన్నది పగలే, స్టూడియో బల్ల దగ్గరే తేల్చుకోవాలి. తీయడం కంటే తేల్చుకోవడమే కష్టమని అతన్ని చూశాకే నాకు తెలిసింది.

దానికి అతని దగ్గర రెండు సాధనాలు. ఒకటి గోడకు వేలాడే తిథుల క్యాలెండరు. వెన్నెల ఉంటే మసక వెలుగులు మునిగిపోతాయి కనుక అతనికి కావలసింది అమావాస్య. ఊరందరూ ఏ పనీ మొదలుపెట్టకుండా దాటేసే రోజు అతనికి పండగ. అన్నిటికన్నా ధనుర్మాసం మేలు. అప్పుడు పెళ్లిళ్లు ఉండవు, మబ్బులూ తక్కువ. పురోహితుడు కుదరదన్న రోజుల్లోనే సుంకన్నకు ముహూర్తాలు కుదురుతాయి. ఆషాఢంలోనూ పెళ్లిళ్లు ఉండవు గానీ, అప్పుడు ఆకాశమే ఉండదు.

రెండో సాధనాన్ని నేను. అతని దగ్గర పెద్ద నక్షత్ర పటాల పుస్తకం ఉంది. తెల్ల కాగితం మీద నల్ల చుక్కలు. తన లెన్సులో ఆకాశం ఎంత మేర పడుతుందో లెక్కగట్టి, పటం కొలతకు సరిపోయేలా నాలో తపాలా బిళ్లంత కిటికీ కోశాడు. పాస్‌పోర్టు ఫోటోలకు అట్టలో గడి కోసుకునే పాత అలవాటు అతనిది. నన్ను పటం మీద పరిచి జరుపుతూ పోతే, కిటికీలో పట్టేది పడుతుంది, పట్టనిది అంచుల్లో తెగిపోతుంది. ఫలానా గెలాక్సీ ఏటవాలుగా తిప్పితేగానీ ఇమడదనీ, ఫలానా ధూళిమేఘం సగమే వస్తుందనీ నేను ముందే చెప్పేస్తాను. నా గొప్పతనమంతా మిగతాదాన్ని కప్పేయడంలో ఉంది. ఒకటి మాత్రం చెప్పాలి. కత్తి పట్టుకున్న రోజు అతను నన్ను చాలాసేపు అటూ ఇటూ తిప్పాడు. చివరికి ఎముక జోలికి పోకుండా ఒక మూల నల్లటి చోట కోశాడు. అప్పుడే అతనంటే నాకు గౌరవం కలిగింది.

ఆ ఏడు బెంగుళూరులో ఖగోళ ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. అంతకుముందు ఏడు పంపినదాన్ని అందరూ తీసేదేనని వెనక్కి పంపారు. ఈసారి గుర్రంతల తీస్తానని సుంకన్న పట్టుబట్టాడు. గొల్లకావడి అని పిలిచే వరస మూడు చుక్కల్లో చివరిదాని పక్కన, ఎర్రటి వెలుగు ముందు గుర్రం తల ఆకారంలో నిలబడ్డ నల్లటి మేఘం అది. నా కిటికీలో ముచ్చటగా పట్టింది. పంపడానికి గడువు జనవరి నెలాఖరు. చేతిలో ఉన్నది ఆ ధనుర్మాసపు అమావాస్య ఒక్కటే.

దానికి ముందే ఈరమ్మను డాక్టరుకు మళ్లీ చూపించే రోజు వచ్చింది. పాత ఫిల్ము కూడా తెమ్మన్నారని సుంకన్న నన్నూ సంచిలో పెట్టుకున్నాడు. నాలో ఉన్న కిటికీ మాట మరిచిపోయినట్టున్నాడు. డాక్టరు నన్ను లైటు పెట్టెకు తగిలించగానే మూల నుంచి చదరంగా తెల్లటి వెలుగు ఆయన ముఖం మీద పడింది. దీనికి కన్నం ఎవరు పెట్టారని ఆయన అడిగాడు. నలభై అయిదేళ్ల సుంకన్న బడిలో దొరికిపోయిన పిల్లాడిలా నీళ్లు నమిలి, చుక్కల సంగతంతా చెప్పుకొచ్చాడు. డాక్టరు నవ్వేసి, ఎముక సరిగా అతకలేదని, ఇక మెట్లు ఎక్కే ఆశ పెట్టుకోవద్దని ఈరమ్మకు చెప్పాడు.

ఈరమ్మ కళ్లనీళ్లు పెట్టుకోలేదు. అమ్మ పోయాక నలుగురు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పెంచి, తను పెళ్లి మాట తలపెట్టని మనిషి ఆమె. ఎండాకాలం పిల్లలందరినీ మిద్దె మీద వరసగా పడుకోబెట్టుకునేది. మిద్దె మెట్ల మీద జారే కాలు విరిగింది. ఇప్పుడు కింద గదిలో మంచం, కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఎత్తుకుని పైకి తీసుకుపోండి అని నోరు తెరిచి అడిగే రకం కాదు.

ఇంటికి వచ్చే దారిలో, ఆటోలో, ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని కిటికీలో వేలు దూర్చి చూసింది.

"ఈ కన్నంలో పిల్లలకోడి పడ్తాదేమిరా?"

"పడ్తాదిలే అక్కా."

"అయితే ఒకసారి నాకు సూపియ్యి. ఇంగ నేను మిద్దె ఎక్కేది లేదు గదా."

పిల్లలకోడి అంటే కృత్తికలు, ఒక్కచోట గుంపుగా మినుకుమనే చుక్కలు. చిన్నప్పుడు అక్క ఏడు అనేది, సుంకన్న ఆరే అని పోట్లాడేవాడు. అందరూ తీసేదేనని కిందటేడు బెంగుళూరు వాళ్లు వెనక్కి పంపింది సరిగ్గా ఇలాంటి ఫోటోనే.

అమావాస్య నాడు ఊరి బయట స్నేహితుడి చేనుకు చేరాం. పుస్తకంలో మడిచిపెట్టి నన్నూ తెచ్చాడు. ఆకాశం కడిగినట్టుంది. కెమెరా బిగించి, చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా ఎర్ర లైటు వేసి, పటం తెరిచి నన్ను గొల్లకావడి మీద పరిచాడు. గుర్రంతల కిటికీ నడుమకు వచ్చింది. ఏడాదంతా అతను కోరుకున్నది అదే. తలెత్తి ఆకాశంలో గొల్లకావడిని చూసి, మళ్లీ పటం మీదికి వంగాడు. తర్వాత వేలితో నన్ను మెల్లగా పైకి జరిపాడు. కిటికీలోకి పిల్లలకోడి వచ్చింది, అన్ని వైపులా కాస్త చోటు మిగిలేలా. సుంకన్న లేచి కెమెరాను అటు తిప్పాడు. అక్కడి నుంచి దాన్ని మళ్లీ కదిలించలేదు.

ఆసుపత్రిలో ఎన్నో పుస్తకాలు చదివినవాళ్ల చేతులు నన్ను వెలుతురుకు ఎత్తి చూశాయి. అంత ఇష్టమైనదాన్ని అంత నిశ్శబ్దంగా వదులుకున్న చేతిని మాత్రం నేను ఇంకోటి చూడలేదు.

పెద్ద సైజులో ప్రింటు వేసి అక్క మంచం మీద పరిచాడు. నేను పక్కనే, పుస్తకంలోంచి సగం బయటికి వచ్చి ఉన్నాను. ఈరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఆరా ఏడా తేల్చడానికి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పెద్ద చుక్కలు అయిపోయాయి. వాటి నడుమ చిన్నవి, వాటి వెనక ఇంకా చిన్నవి, అన్నిటినీ చుట్టుకుని నీలంగా పొగ. కాసేపటికి ఆమె వేలు ఆగిపోయింది.

"ఇంతమంది పిల్లోళ్లేమిరా దీనికి," అంది. మళ్లీ కాసేపు చూసి అడిగింది, "ఒక్కతే ఇందర్ని ఎట్ల సాకిందిరా?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, కోడి గురించే. సుంకన్న ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, విరిగిన కాలి మీద దుప్పటి సర్ది, చెయ్యి అక్కడే ఉంచాడు.

మనిషి లోపల ఉన్నది బయటపెట్టడం కోసం నన్ను తయారుచేశారు. ఆ పూట ఆ గదిలో నా అవసరం రాలేదు.