సెంటర్ స్టాండ్

మూడోసారి కూడా పెట్రోలు గీత దాటింది.

నౌషాద్ ఒక కన్ను మూసి, చెంప దాదాపు నేలకి ఆనించి, కార్బురేటర్ పక్కన నిలబెట్టిన సన్నని గొట్టాన్ని చూశాడు. చూసి, గొట్టాన్నీ, లోపలి ఫ్లోట్‌నీ, దాన్ని బిగించిన వాణ్నీ, బిగించుకున్న వాణ్నీ, నెత్తి మీద కాలుతున్న రేకునీ కలిపి ఒకే బూతుతో సరిపెట్టాడు. రోడ్డు మీద మిరపకాయల లారీ ఒకటి పోయింది. దాని వెనకాల ఘాటు వచ్చింది. రెండు తుమ్ములు తుమ్మి లారీని కూడా ఆ బూతులో కలుపుకున్నాడు.

పని పెద్దదేం కాదు. కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో పెట్రోలు మీద ఫ్లోట్ తేలుతుంది. పెట్రోలు పెరిగే కొద్దీ ఫ్లోట్ లేచి, తన ఇత్తడి నాలుకతో సూదిని నొక్కి దారి మూసేస్తుంది. ఆ నాలుక వెంట్రుకవాసి పైకి వంగితే ఒక లెక్క, కిందికి వంగితే ఇంకో లెక్క. పెట్రోలు తగ్గితే బండి ఎగశ్వాసతో దగ్గుతుంది. ఎక్కువైతే కారుతుంది. ఎంత ఉందో బయటికి తెలియడానికి నౌషాద్ తన చేత్తో ఒక పరికరం చేసుకున్నాడు. గిన్నె అడుగున ఉండే బోల్టు లాంటిదే ఇంకొకటి తెచ్చి, దాని నడుమ బెజ్జం వేసి, ఇత్తడి పుల్ల అతికించి, దానికి సెలైన్ గొట్టం తొడిగాడు. లోపల పెట్రోలు ఎంత ఎత్తుంటే గొట్టంలోనూ అంతే ఎత్తు కనపడుతుంది. గొట్టం మీద బ్లేడుతో గీసిన గీత ఉంది. గీత దగ్గర ఆగిందా, బండి బాగున్నట్టు.

ఆగడం లేదు.

నరసరావుపేటలో కోటప్పకొండ రోడ్డు మీద నౌషాద్ షాపు బోర్డు కనపడక ముందే నౌషాద్ కోపం వినపడుతుంది. పొట్టి మనిషి, వెడల్పాటి మెడ, గోళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ నూనె. బనీను మీద ఎన్ని చిల్లులున్నాయో భార్య జమీలా ఒకసారి లెక్కపెట్టి, పదిహేడు దాకా వచ్చి, నవ్వు ఆపుకోలేక మానేసింది. శివరాత్రికి కొండ దగ్గర దీపాలతో నిలబెట్టే ఎత్తయిన కరెంటు ప్రభల జనరేటర్లన్నీ ఒకప్పుడు ఆయన చెవి పెట్టి విన్నాకే తిరునాళ్ళకి కదిలేవి. ఇంజను పాడు చేసుకొచ్చిన ప్రతివాణ్నీ తిట్టేవాడు. అన్నిటికంటే ఎక్కువగా, బండిని సైడ్ స్టాండ్ మీద పెట్టి కార్బురేటర్ విప్పే వాళ్ళని తిట్టేవాడు.

"సైడ్ స్టాండ్ మీద పెట్రోలు చూసేవోడూ, వాలిన మంచంలో పడుకుని ఇల్లు వంకరగా ఉందనేవోడూ ఒకటే రా! సెంటర్ స్టాండ్ ఎయ్యి! చేతుల్తో గాదు, కాలు మీద ఒళ్ళంతా ఎయ్యి!"

వీధి మొత్తానికి ఈ మాటలు కంఠతా వచ్చు.

ఇవ్వాళ్టి బుల్లెట్ బాలశౌరిది. బాలశౌరి లైన్‌మన్‌గా చేసి దిగిపోయాడు. ముప్పై రెండేళ్ళు ఈ బండి మీదే స్తంభం నుంచి స్తంభానికి తిరిగాడు. అతను జమీలాని చెల్లే అంటాడు గనక, నౌషాద్ అతనికి బావ. అతను నౌషాద్‌కి బావ. పొద్దున తొమ్మిదింటికి బండిని తోసుకుంటూ వచ్చాడు.

"ఏంది బావా, దీని ముక్కు కారడం ఆగేట్టుందా?"

"జలుబు తెప్పించింది ఎవడు? నేనా? ఆ బైపాస్ పక్కన ఏసీ షెడ్డోడి దగ్గరికి ఎందుకు పోయావు?"

"నువ్వు నాలుగు రోజులు షట్టర్ మూస్తివి. సత్తెనపల్లిలో పెళ్ళంటివి. నాలుగు రోజుల పెళ్ళి ఎవురిదయ్యా, నవాబుదా?"

నౌషాద్ కార్బురేటర్ మీదికి వంగాడు. "ఫ్లోట్ మార్చాడు గదా వాడు. మార్చినోడు లెవెల్ చూసుకోవద్దా? ఫోన్లో చూస్తా బిగించుంటాడు దరిద్రుడు."

"సాయంత్రం నాలుగింటికి గుంటూరు నించి ఒకాయన వస్తన్నాడు బావా." బాలశౌరి సీటు మీద లేని దుమ్ము తుడిచాడు. "కాఫీ హోటల్ పెడతన్నాడంట. దీన్ని గోడకి తగిలిస్తాడంట. లైట్లేసి."

"గోడకా?"

"గోడకే. నూనె, పెట్రోలు అన్నీ తీసేసి."

"నువ్వు చచ్చినాక నిన్ను కూడా తగిలించమను. లైట్లేసి!"

బాలశౌరి నవ్వాడు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నాకేమన్నా సరదానా? వసారాలో పెడితే ఇల్లంతా పెట్రోలు వాసన. మా కోడలికి మూడో నెల. కడుపులో నీళ్ళు గూడా నిలవటంలా ఆ పిల్లకి. కారడం ఆగిందా, నేనమ్మను. ఆగలేదా, వాడికిచ్చేస్తా. అంతే." ఆగి, బండి వెనక్కి వచ్చాడు. "పట్టు, స్టాండ్ ఎక్కిద్దాం."

"నీ సాయం నీ కరెంటు స్తంభాలకి చెయ్యి. ఫో."

అతను వెళ్ళాక నౌషాద్ ఎడమచేత్తో హ్యాండిల్ పట్టుకున్నాడు. కుడిచేయి సీటు కింద వేశాడు. కాలు స్టాండ్ మీద పెట్టి ఊపిరి బిగించాడు. బండి జానెడు లేచింది. అంతలో ఛాతీ లోపల ఎవరో స్పానర్ వేసి అర చుట్టు బిగించినట్టయింది. బండిని మెల్లగా సైడ్ స్టాండ్ మీదికి వదిలేశాడు. అటూ ఇటూ చూశాడు. ఎదురుగా టైర్ల కొట్టులో సుహైల్ ట్యూబు ఉబ్బిస్తూ అటు తిరిగి ఉన్నాడు. ఎవరూ చూడలేదు. చూడలేదని తెలిశాక కోపం ఇంకా పెరిగింది. ఎవరైనా చూసుంటే వాళ్ళని తిట్టుకునేవాడు. ఇప్పుడు తిట్టడానికి తను తప్ప మనిషి లేడు. సైడ్ స్టాండ్ కింద ఒక ఇటుక ముక్క తోసి, కాస్త నిటారుగానే ఉందని తనకి తానే చెప్పుకుని, పని మొదలుపెట్టాడు.

అప్పటినుంచి మూడుసార్లు గిన్నె విప్పాడు, మూడుసార్లు నాలుక వంచాడు, మూడుసార్లు బిగించాడు.

పన్నెండున్నరకి జమీలా క్యారేజీ పట్టుకుని వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడుస్తుంటే చెప్పుల చప్పుడు రాదు. అందుకే ఆమె వచ్చినట్టు నౌషాద్‌కి ఎప్పుడూ వాసన వల్లే తెలుస్తుంది. ఇవ్వాళ వాసన కూడా లేదు.

"ఏంది అది?"

"సొరకాయ పప్పు."

"ఉప్పు?"

"డాక్టరు చెప్పాడు గదా."

"జైల్లో ఖైదీక్కూడా ఉప్పేస్తారే!"

"ఖైదీ డాక్టరు మాట వింటాడు." ఆమె క్యారేజీ బల్ల మీద పెట్టింది. "ఖైదీ నర్సుతో పోట్లాడి సెలైన్ గొట్టం జేబులో పెట్టుకుని రాడు."

నాలుగు రోజుల పెళ్ళి గుంటూరు ఆసుపత్రిలో జరిగింది. పెళ్ళికొడుక్కి బరువులు ఎత్తొద్దనీ, కోప్పడొద్దనీ చెప్పి పంపారు. కోప్పడొద్దన్నందుకు ఆయన డాక్టరు మీద కోప్పడ్డాడు. పాత గొట్టం పసుపుపచ్చగా మారి పెట్రోలు కనపడటం లేదని ఏడాదిగా సణుగుతున్నాడు. తన చేతికి ఎక్కించిన గొట్టం అద్దంలా ఉండేసరికి, వచ్చేటప్పుడు వదల్లేకపోయాడు. బయటినుంచి తెచ్చి ఎక్కించిన నీళ్ళ కంటే ఆ గొట్టమే తనకి బాగా పనికొచ్చిందని దారి పొడుగునా ఆటోవాడికి చెప్పాడు.

జమీలా గిన్నెలు విప్పుతూ బండి వైపు చూసింది. దాని కింద ఇటుక చూసింది. క్యారేజీ మూత చేతిలోనే ఉండిపోయింది. 

"ఏందే ఆ చూపు?"

"సైడ్ స్టాండ్ మీదుంది."

"ఉంటే?"

"సైడ్ స్టాండ్ మీద పెట్రోలు చూసేవోడూ," అని మొదలుపెట్టి, అక్కడే ఆపేసింది. గొంతు మార్చి మెల్లగా అడిగింది. "ఎత్తలేకపోయావా?"

"ఎవరెత్తలేకపోయింది? నేనా? నేను ఎత్తలేక..." చేతిలో ఉన్న రెంచి నేలకేసి కొట్టాడు. అది ఎగిరి డబ్బాకి తగిలి గణగణా మోగింది. సుహైల్ కొట్లోంచి తల బయటపెట్టి, నౌషాద్ మొహం చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "ముప్పాళ్ళలో మా నాయన ఆయిల్ ఇంజన్లు నేనొక్కణ్నే బండెక్కించినా తెలుసా! ఇదెంత? నూట అరవై కేజీలు! ఇదెంత!"   బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

జమీలా చెప్పులు విప్పింది. చీర కుచ్చెళ్ళు నడుంలో దోపింది. బండి ఎడమ పక్కకి వచ్చి, హ్యాండిల్ పట్టుకుని, ఇటుకని కాలితో పక్కకి నెట్టింది.

"ఏందే? ఏం చేస్తన్నావు? మీద పడిద్ది!"

"నువ్వు ఆ పక్క వేలు ఆనించి నిలబడు. ఒట్టి వేలు. పట్టుకోబాక."

"నీ వల్ల గాదు!"

"ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటన్నా." ఆమె అరికాలు సెంటర్ స్టాండ్ మీద పెట్టింది. "చేతుల్తో గాదంట. కాలు మీద ఒళ్ళంతా ఎయ్యాలంట."

ఒళ్ళంతా వేసింది. చెట్టు కొమ్మ మీద పిల్లలు ఊగినట్టు ఒక్కసారి పైకి లేచి దిగింది. బుల్లెట్ వెనక్కి మూలిగి, టక్కుమని రెండు కాళ్ళ మీద నిలబడింది. అది అంత తేలిగ్గా నిలబడుతుందని ఆమె కూడా అనుకోలేదు. ఊపుకి పక్కకి తూలి, టైర్ల దొంతి మీద కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. దెబ్బ తగిలిందేమోనని నౌషాద్ గబగబా వచ్చి చూస్తే, నవ్వుతోంది.

ఆయనకి కోపం రావాలి. వచ్చే కోపాన్ని మధ్యదారిలో ఇంకేదో పట్టుకుంది. పొట్ట పట్టుకుని, పళ్ళు సగం లేని నోరంతా తెరిచి నవ్వాడు. ఎదురు కొట్టు సుహైల్ మళ్ళీ తల బయటపెట్టాడు. ఈసారి లోపలికి తీసుకోలేదు. ఆ మనిషి నవ్వడం అతను ఎప్పుడూ చూడలేదు మరి.

"సాయిబు పెళ్ళానికి లైసెన్సు ఇప్పించాలి రోయ్!" అని నౌషాద్ రోడ్డంతా వినపడేట్టు అరిచాడు. మరుక్షణం, "ఏంది చూస్తన్నావు, పని లేదా?" అని సుహైల్ మీద విరుచుకుపడ్డాడు.

పెట్రోలు ట్యాప్ తిప్పాడు. బండి నిటారుగా నిలబడితే అసలు సంగతి బయటపడింది. పెట్రోలు గీతకి అర వేలెడు కింద ఆగింది. మూడుసార్లు వంచిన వంపు మొత్తం అబద్ధం. మళ్ళీ గిన్నె విప్పి, ఫ్లోట్ అరచేతిలో పెట్టుకుని, నాలుక మీద గోరు ఆనించి, పురిటిబిడ్డ కనురెప్ప మూసినట్టు కిందికి వంచాడు. బిగించాడు. తిప్పాడు. పెట్రోలు గొట్టంలో పాకింది. గీత దగ్గరికి వచ్చింది. ఒక్క క్షణం ఊగి, ఆగింది.

జమీలా కూడా ఒక కన్ను మూసి చూసింది. "వచ్చిందా?"

"ఇప్పుడే ఏం వచ్చింది? గంటయినా నిలబడాల." నోటితో విసుక్కుంటూనే, పాత పేపరు తీసి బండి కింద పరిచాడు. చుక్క పడితే మరక తెలుస్తుంది.

సొరకాయ పప్పు తిట్టుకుంటూ తిన్నాడు. సగంలో ఆమె కొంగు ముడి విప్పి, కాగితంలో చుట్టిన చింతకాయ పచ్చడి గోరంత ముద్ద ఒకటి అన్నం పక్కన పెట్టింది. ఆయన దానివైపూ ఆమెవైపూ చూశాడు. డాక్టరు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. వేలు రెండుసార్లు నాకాడు.

ఆమె క్యారేజీ సర్ది, మాత్ర చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడింది. ఆయన గోడకి వీపు ఆనించి, గొట్టానికి ఎదురుగా చెక్కపెట్టె మీద కూర్చున్నాడు.

"ఎండ తగ్గినాక ఇంటికి రా. అరవబాక ఎవరిమీదా."

"జరగవే, వెలుతురు రావటంలా."

ఆమె జరిగింది.

నాలుగుకి పావుగంట ముందు బాలశౌరి వచ్చాడు. బండి రెండు కాళ్ళ మీద నిటారుగా ఉంది. దాని కింద పేపరు పొడిగా ఉంది. నౌషాద్ పెట్టె మీద కూర్చుని, ఒక కన్ను మూసి, గొట్టం వైపే చూస్తున్నాడు.

"ఆగిందా బావా?" బాలశౌరి వంగి పేపరు మీద వేలు రాశాడు. "ఆగిందిరోయ్! ఒట్టు, ఆగింది! తిట్టు ఇప్పుడు. ఎంత తిడతావో తిట్టు, పడతా."

తిట్టు రాలేదు.

"ఏంది బావా, గీత చూసీ చూసీ నిద్రపోయావా?"

భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీయకుండా, అలాగే ఆ పెట్టె పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. జేబులో ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. రెండోసారి తీశాడు.

"బైపాస్ కాడున్నారా? వద్దండీ. రావద్దు." పొడి పేపరు వైపు చూశాడు. "బండి బాగయింది."

మర్నాడు మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత నౌషాద్‌ని ఖబరస్తాన్‌కి తీసుకుపోయారు. చిలకలూరిపేట నుంచి కూతురు అల్ఫియా వచ్చింది. మనుషులు పల్చబడ్డాక జమీలా షాపు తాళం బాలశౌరి చేతిలో పెట్టింది.

"నీ బండి తీసుకుపో అన్నా. కష్టపడ్డాడు దానికి."

బాలశౌరి షట్టర్ నడుం దాకా లేపి, వంగి లోపలికి పోయాడు. చెక్కపెట్టె గోడ పక్కనే ఉంది. రెంచి విసిరిన చోటే పడి ఉంది. బండి తీయాలంటే ముందు ఆ పరికరం విప్పాలి. విప్పి, అసలు బోల్టు బిగించాలి. అసలు బోల్టు డబ్బా మూతలో, గుడ్డ ముక్క మీద, తుడిచి పెట్టి ఉంది. బాలశౌరి స్పానర్ తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాసేపు కూర్చుని, స్పానర్ ఎక్కడిది అక్కడే పెట్టి, శబ్దం కాకుండా షట్టర్ దించేశాడు.

లోపల, పొడిగా ఉన్న పేపరు పైన, ఆసుపత్రి గొట్టంలో పెట్రోలు బ్లేడుతో గీసిన గీత మీదే ఉంది.