అరవై ఒక్క శాతం దగ్గర

నేను ఒక చిన్న సర్వర్‌ని. మిక్సీ కంటే కాస్త పొడవు, బియ్యం డబ్బా కంటే పొట్టి. నా పని ఒక్కటే: ఇచ్చిన ఫైళ్ళను రెండు డిస్కుల మీద ఒకేలా రాసిపెట్టుకోవడం, ఒకటి పోయినా రెండోది మిగిలేలా. ఏదో దూరదేశపు కర్మాగారంలో తయారై, హైదరాబాదులో ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ఆరేళ్ళు మేడల ప్లాన్లు మోసి, అది మూతపడ్డాక నంద్యాలలో చక్రధర్ ఇంటికి చేరాను.

చక్రధర్ కరెంటు ఆఫీసులో ఇంజినీరు. చక్కగా పనిచేసే వస్తువును చూస్తే ఆయన చేతులు ఊరుకోవు. వచ్చిన నెలకే నా ఫ్యాను మార్చాడు. కొత్తది పాతదానికంటే ఎక్కువ మోత. మెమరీ పెంచాడు, ఎందుకో ఆయనకే తెలియదు. ఆదివారం వస్తే మూత తీసి లోపలికి టార్చి వేసి చూస్తాడు. ఏం కనబడాలని చూస్తాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నన్ను నిజంగా వాడుకున్నది ఆయన భార్య హేమలత. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. పన్నెండేళ్ళుగా నల్లమలలో తిరిగి గడ్డిజాతులను ఫోటోలు తీస్తోంది. అవన్నీ నా దగ్గరే ఉన్నాయి, మరెక్కడా లేవు. ఆ వానాకాలం ఒక బండల వాగు పక్కన, ఏడాదికి పదిరోజులే పూసే గడ్డి ఆమెకు పూతమీద దొరికింది. మర్నాడు పొద్దున్నే కెమెరా కార్డులోంచి ఆ ఫోటోలను నాలోకి తరలించడం మొదలుపెట్టింది.

చక్రధర్ పెద్ద డిస్కులు తెచ్చిందీ ఆ రోజే. ఒక పాత డిస్కు తీసి కొత్తది పెట్టాలి. రెండో పాతదాన్ని చూసి నేను అంతా కొత్తదానికి ఎక్కించేదాకా ఆగాలి. ఆ తర్వాతే రెండోది ముట్టుకోవాలి. ఇదంతా నాతో వచ్చిన పుస్తకం మూడో పేజీలో ఉంది. ఆయన మూడో పేజీ దాకా వెళ్ళలేదు.

మొదటి డిస్కు మార్చాడు. భోజనాల వేళకు కొత్తదానికి ఎక్కించడం అరవై ఒక్క శాతం అయింది. "ఇంకెంతసేపు సతాయిస్తాదిది" అంటూ రెండో పాతదీ లాగేశాడు. నేను కూతపెట్టాను, నాకు తెలిసిన భాష అదే. ఆయన కూత ఆపే బటన్ వెతికి నొక్కాడు. తెరమీద ప్రశ్న వచ్చింది: ఉన్నదంతా చెరిపి కొత్తగా మొదలుపెట్టాలా? ఆయన వేలు 'అవును' మీదికి వెళ్ళింది.

"నా ఫోటోలు కనపడ్తా లేవు. ఏం చేసినారు?" హేమలత గుమ్మంలో నిలబడింది.

"అప్‌గ్రేడ్ చేస్తాండా. ఇదొక్కటి నొక్కితే అయిపాయ."

ఆమె తెర చదివింది. "చెయ్యి తీయండి. ఇందాక లాగింది యాడుంది?"

బల్లమీద ఉంది. ఆమె దాన్ని పాత చోటే పెట్టి నన్ను మళ్ళీ లేపింది. కుర్చీ లాక్కుని నా ఎదురుగానే కూర్చుంది.

"నీకు మేలు చేద్దామనే..." అన్నాడాయన.

"మేలు చేసేముందు ఒక మాట అడగల్ల."

పన్నెండేళ్ళ ఫోటోలు తిరిగి వచ్చాయి. ఆ పొద్దున పంపినవి మాత్రం, నేను డిస్కు మార్పిడి పనిలో మునిగి ఉండటంతో, కరెంటు పోతే చెరిగిపోయే నా మెమరీలోనే ఉండి, డిస్కు మీదికి చేరకముందే పోయాయి. తరలించినవి కార్డులో మిగలవు కాబట్టి కార్డూ ఖాళీ. ఆమె ఆ ఫోల్డరు తెరిచి చూసి, మూసేసింది. నా పాస్‌వర్డు మార్చింది. ఇంకో నకలు తీసి కాలేజీ బీరువాలో పెట్టింది. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అయిదో రోజు ఆయనే అడిగాడు. "అది మళ్ళా ఎప్పుడు పూస్తాది?"

"వచ్చే వానలకు."

ఆ ఏడాదంతా ఆయన నా మూత తీయలేదు. వానలు పడ్డాక సెలవు పెట్టి, ట్రైపాడ్ భుజాన వేసుకుని ఆమె వెంట అడవికి వెళ్ళాడు. మూడుసార్లు తిరిగితే గాని ఆ గడ్డి పూతమీద దొరకలేదు.

ఆ సాయంత్రం నాలోకి రెండు వందల పైచిలుకు ఫోటోలు వచ్చాయి. అన్నీ గడ్డిపూలే. చివరిదాంట్లో మాత్రం చక్రధర్ బండమీద కూర్చుని, ప్యాంటుకు అంటుకున్న గడ్డిముళ్ళను ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు. ఆ ఒక్క ఫోటోకి హేమలత వేరే ఫోల్డరు తెరిచి, 'అప్‌గ్రేడ్' అని పేరు పెట్టింది.