వాగు ఇవతల నీలం కారు

పెళ్లిలో నేను ఏడవలేదు.

మా లంబాడీల్లో అత్తగారింటికి పోయే పిల్ల ఎద్దు మీద నిలబడి, పుట్టింటివాళ్లను పేరుపేరునా తలుచుకుంటూ పాట కట్టి ఏడవాలి. దాన్ని ఢావ్లో అంటాం. మాటలు ఎవరూ నేర్పరు. ఆ క్షణాన గుండెలో ఏముంటే అదే పాటవుతుంది. మా అమ్మ తుల్సీబాయిని నేను యాడి అని పిలుస్తాను. ఆమె తన పెళ్లినాడు ఏడ్చిన ఏడుపుకి కాళ్ల కింద ఎద్దు కూడా కదలకుండా నిలబడిందని గూడూరు చుట్టుపక్కల తండాల్లో ముసలివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా పెళ్లికి ఎద్దును పక్క తండా నుంచి అడిగి తెచ్చారు. మా తండాలో ఇప్పుడు ట్రాక్టర్లే మిగిలాయి. నన్ను ఎక్కించుకున్న ఆ ఎద్దు రెండడుగులు పక్కకి జరిగి రాజేందర్ కొత్త బూట్ల మీద పేడ వేసింది. అతను ఒక కాలు పైకెత్తి, దాన్ని ఎక్కడ దించాలో తెలియక, పొలంలో కొంగలా నిలబడిపోయాడు. నాకు నవ్వు ఆగలేదు. చేతులు పైకెత్తాను, గొంతు సవరించుకున్నాను, మళ్లీ అతని కాలు కనిపించింది. ఇక అంతే.

"ఏడ్వే సిగ్గులేనిదానా! మంది చూస్తున్నరు" అంటూ యాడి కింది నుంచి నా పిక్క గిల్లింది.

మా నాన్న మాన్‌సింగ్ చేతికర్ర మీద ఒరిగి నవ్వుతున్నాడు. ఆయన్ని నేను బా అంటాను. "పోనియ్యే. నవ్వుకుంట పోయే బిడ్డను ఎవ్వలన్న ఏడిపిస్తరా? గీ ఏడుపు నాకు బాకీ. నేను దానింటికి పోయిననాడు నా మెడ పట్టుకొని ఏడుస్తది. వసూల్ చేస్కొనే వస్త" అన్నాడు.

పుట్టింటివాళ్లు మొదటిసారి గడప తొక్కినప్పుడు పెళ్లయిన పిల్ల వాళ్ల మెడ చుట్టుకుని పాడి ఏడవడం కూడా మాలో ఉన్నదే. అట్లా మా ఇద్దరి మధ్య ఒప్పందం కుదిరింది. బా భూపాలపల్లి రావాలి, నేను ఏడవాలి.

కానీ రావడమే కష్టం. నిరుడు అంగడిలో ఎద్దు తోసేస్తే బా తుంటి ఎముక విరిగింది. లోపల రాడ్ వేశారు. కుడికాలు మోకాలి ఎత్తుకి మించి లేవదు. బస్సు మెట్టు ఎక్కలేడు. ఆటో కుదుపులకి ఆయన ముఖం తెల్లబడిపోతుంది, నోటితో మాత్రం జోకులు వేస్తూనే ఉంటాడు. డాక్టరు కుదుపులు వద్దనే చెప్పాడు.

"కారు కొందాం" అన్నాడు రాజేందర్, పెళ్లయిన మూడోనాడే. అతనికి రెండు టిప్పర్లున్నాయి, గనుల దగ్గర తిరుగుతాయి. డిగ్రీ చదివే రోజుల నుంచి అతనికి ఒకే కోరిక: చిన్నపాటి లగ్జరీ ఎస్‌యూవీ. లారీలాగా కొండంత ఉండకూడదు, కారులాగా నేలకి ఆనుకోకూడదు, లోపల కూర్చుంటే మాత్రం రాజభోగం అనిపించాలి. పాతదైనా సరే.

ఆ వానాకాలమంతా మాకదే పండగ. సాయంత్రం అతను రాగానే అల్లం టీ పెట్టేదాన్ని. ఒకే ఫోను, ఒకే దుప్పటి. యూట్యూబ్‌లో ఎవరో ఒక కారు తలుపు వేస్తే వచ్చే చప్పుడు వినిపించేవాడు, మేమిద్దరం కళ్లు మూసుకుని వినేవాళ్లం. అగ్గిపెట్టెలు రెండు తెచ్చి ఒకటి జర్మనీది, ఒకటి స్వీడన్‌ది అని పేర్లు పెట్టుకున్నాం. చపాతీ కర్ర అడ్డం పెట్టి ఏది దాటుతుందో చూశాం. "గిది గ్రౌండ్ క్లియరెన్స్" అని అతను చాలా గంభీరంగా చెబుతుంటే బుగ్గ గిల్లాలనిపించేది. గిల్లేదాన్ని కూడా.

జనగామ దగ్గర హైదరాబాద్ రోడ్డు మీద పర్వేజ్ అన్నకి పాత కార్ల యార్డు ఉంది. రాజేందర్ టిప్పర్లు కొన్నదీ ఆయన దగ్గరే. ఆయన రెండు బళ్లు చూపించాడు. తెల్లది జర్మనీది. బంపర్ కింద కాలు ఆడిస్తే డిక్కీ దానంతటదే తెరుచుకునేది. నేను ఆడిస్తూనే ఉన్నాను.

"చెల్లే, జర దానికి దమ్ము తీస్కోనియ్" అన్నాడు పర్వేజ్ అన్న.

నీలంది స్వీడన్‌ది. ఇంకా సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులున్నాయి. ఒక మీట నొక్కితే సీటు వెచ్చబడుతుంది. వానలో తడిసి వచ్చానేమో, పొయ్యి పక్కన పిల్లిలా ముడుచుకుని కూర్చున్నాను. రాజేందర్ బలవంతంగా లేపాల్సి వచ్చింది.

"ఎవలి కోసం తీస్కుంటున్నరు?" అని అడిగాడు పర్వేజ్ అన్న.

"మా మామ కోసం. ఆయన ఎక్కాలె, తండా దాక పోవాలె. గంతే" అన్నాడు రాజేందర్.

"అట్లయితే ఆయననే చూడనియ్యండ్రి. నేనే తోల్కొస్త."

మొదటి ఆదివారం తెల్లదానిలో పాలకుర్తి మీదుగా పోయాం. తండాకి ముందు ఒక వాగుంది. దాని మీద కల్వర్టు కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలాయి. తెల్లది వాటి మీద నుంచి బాతులా ఊగుతూ దాటేసింది. రాజేందర్ డ్యాష్‌బోర్డును ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

ట్రాక్టర్లు రాకముందు తండా మొత్తానికి పశువుల అంగడిలో ఎద్దులు కొనిపెట్టేవాడు బా. కారు దగ్గరికి కూడా అట్లాగే వచ్చాడు. ముందు దూరం నుంచి చూశాడు. తర్వాత చుట్టూ తిరిగి డొక్క మీద చరిచాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, "వేడిగుంది. దూరం నడిచొచ్చిందాయె, నీళ్లు తాపిన్రా?" అన్నాడు. తువ్వాలు పరిచి దాని కింద చెయ్యి పెట్టి పర్వేజ్ అన్న వైపు చాచాడు. అంగడిలో బేరం అట్లాగే, తువ్వాలు కింద వేళ్లతో చేస్తారు. పర్వేజ్ అన్న నవ్వకుండా తన చెయ్యి కూడా లోపల పెట్టాడు. "నాయినా, మీరు వేళ్లు విరుస్తున్నరు, బేరం చేస్తలేరు!" అన్నాడు. తండా అంతా విరగబడి నవ్వింది.

తర్వాత ఎక్కడం. రాజేందర్ చంకల కింద పట్టుకున్నాడు, నేను కాలు ఎత్తబోయాను. లేవలేదు. పీట వేశాం. పీట మీద నిలబడ్డాడు, సీటు ఇంకా పైనే ఉంది. ఇంకోసారి అన్నాడు. ఆ ఇంకోసారికి ఆయన నోటి నుంచి ఒక చప్పుడు వచ్చింది. నేను పుట్టినప్పటి నుంచి వినని చప్పుడు. వదిలేశాం.

బా తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుని, "ఎద్దు మంచిదే. మూపురమే జర ఎత్తు" అన్నాడు.

పై ఆదివారం నీలందానిలో పోయాం. వాగులో మొదటి రాయికే కింద గర్రుమంది. తన కడుపే గీసుకున్నట్టు పర్వేజ్ అన్న ముఖం పెట్టి వెనక్కి తీశాడు. బా అవతలి ఒడ్డున అప్పటికే నిలబడి ఉన్నాడు. చీలమండల లోతు నీళ్లు మా మధ్య పారుతున్నాయి.

"ఏందిరా, నీళ్లు చూసి బెదురుతాంది?" అని అక్కడి నుంచి అరిచాడు.

రాజేందర్ ప్యాంటు మడిచి అటు పోయాడు. బా అతని భుజం మీద చెయ్యి వేసి, ఒక్కో రాయీ చూసుకుంటూ ఇవతలికి వచ్చాడు. ఎడమకాలు లోపల పెట్టాడు, నడుం వాల్చాడు, కుడికాలు దానంతటదే వెంట వచ్చింది. కూర్చున్నాడు! ప్లాస్టిక్ కరకరమంది. నేను గబగబా మీట నొక్కాను. కాసేపటికి వెచ్చదనం తుంటికి తగిలి కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ" అన్నాడు. "మెత్తగుందే. మీ యాడి ఒళ్లె గూడ గింత మెత్తగుండది."

ఒడ్డున నిలబడిన యాడి చీపురు చూపించింది.

"బా, గిట్లనే పోదాం పా" అన్నాను. నిజంగానే అన్నాను. ఇంజను నడుస్తోంది. తలుపు తెరిచే ఉంది.

"తలపాగ లేకుంట, గీ మురికి ధోతి మీద బిడ్డ ఇంటికొస్తనా? ఇగో అల్లుడా, ఒకటి ఎత్తాయె, ఒకటి పొట్టాయె. రెండు జతలు చూసి మూడో అంగడికి పోకుంట ఎద్దుల్ని కొన్నోన్ని నేనైతే చూడలే. నాకు వాగు దాటేది గావాలె, నన్ను ఎక్కనిచ్చేది గావాలె."

"జపాన్‌ది ఒకటి వస్తది దసరా ముందట. రెంటికి నడుమ ఎత్తు" అన్నాడు పర్వేజ్ అన్న.

"అగో! మూడోది ఉండనే ఉంది" అన్నాడు బా సంబరంగా. కర్ర అందుకుని దిగబోయాడు. తగలకుండా తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాను.

ఆ తర్వాత రోజూ ఫోను. "మూడోదాని రంగేంది? గుణమెట్లుందట? ఎవల దగ్గర పెరిగిందట?" డాక్టరు దగ్గర పెరిగిందట బా అంటే, "అయితే సూదికి భయపడదు" అని నవ్వేవాడు. తలపాగా ఉతికించి పెట్టుకున్నానన్నాడు. ఆయన గుమ్మంలోకి వస్తే ఎక్కడ నిలబడాలో కూడా నేను చూసుకున్నాను. అద్దం ముందు రెండుసార్లు ఢావ్లో మొదలుపెట్టి చూశాను. నవ్వే వచ్చింది.

వానలు ఎక్కువయ్యాయి. బాకి జ్వరం వచ్చింది, తర్వాత దగ్గు, తర్వాత ఊపిరి అందలేదు. తండావాళ్లు ట్రాక్టర్ మీద మంచం కట్టి వాగు దాటించి, మహబూబాబాద్ దవాఖానకి చేర్చారు. మేం భూపాలపల్లి నుంచి బయల్దేరి రేగొండ దాటేసరికే యాడి ఫోనులో మాట్లాడలేకపోతోంది. పోయి చూస్తే ముక్కుకి గొట్టం పెట్టుకుని కూడా బా చేత్తో సైగ చేశాడు: మూడోది వచ్చిందా?

"వస్తాంది బా" అన్నాను.

హనుమకొండ తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. అంబులెన్సు ఇంకో కేసు మీద పోయింది. రాజేందర్ పర్వేజ్ అన్నకి ఫోన్ చేశాడు. "మెత్తటి బండి నా దగ్గరుండంగ ఎందుకు పరేషాన్? నేనే వస్తున్న" అని ఆయన వెంటనే బయల్దేరాడు. నీలం కారు దవాఖాన గేటులోకి వచ్చేసరికి పొద్దు పొడిచింది. అప్పటికి కొంచెం ముందే బా వెళ్లిపోయాడు.

పర్వేజ్ అన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత వెనక సీటు మీది ప్లాస్టిక్ తొడుగు తనే చించి తీసేశాడు.

"భాయ్, శవాన్ని మోసిందంటే మల్ల ఎవ్వడు కొంటడు? అంబులెన్సు వచ్చేదాక ఆగుతం" అన్నాడు రాజేందర్.

"ఊకో భాయ్. నాయినకు నచ్చిన బండి గిది."

బాని కూర్చోబెట్టినట్టుగా పడుకోబెట్టాం. ఇప్పుడు ఏ ఎత్తూ అడ్డం రాలేదు. కుడికాలు ఎటు వంచితే అటు వంగింది. తల యాడి ఒడిలో పెట్టుకుంది. నేను ముందు నుంచి వెనక్కి వంగి మీట నొక్కాను. ఆ సీటు వెచ్చబడే మీట. రాజేందర్ చూశాడు. ఆపలేదు.

గూడూరు దాకా యాడి ఆయన తల నిమురుతూనే ఉంది. దారిలో ఒక్క కుదుపు కూడా తెలియలేదు. ఎంత మంచి బండో.

వాగు దగ్గర ఆగిపోయింది. నీళ్లు రాళ్ల మీద నుంచి పారుతున్నాయి. అవతలి ఒడ్డున తండా అంతా నిలబడి ఉంది, మంచం తెచ్చారు, మగవాళ్లు నీళ్లలోకి దిగుతున్నారు. ఎవరెవరు వస్తున్నారో చూద్దామని తలుపు తెరిచి, గుమ్మం పట్టీ మీద నిలబడి, కారు పైకప్పు పట్టుకున్నాను. తండా కనిపించింది. బా రోజూ కూర్చునే అరుగు కనిపించింది. చేతులు పైకి లేచాయి. నేను లేపలేదు.

గొంతు దానంతటదే వచ్చింది. మా మాటలోనే పాడాను. తెలుగులో చెబితే ఇట్లా ఉంటుంది:

"తెల్లది ఎత్తంటిమి బా, నీలంది పొట్టంటిమి,
మూడోది వస్తదని వాకిట్ల నిలబెడ్తిమి.
కూసున్నవు గద బా, మెత్తగుందంటివి గద,
దిగిపోతుంటె తలుపు పట్టింది నేనే గద.
తలపాగ ఉతికి పెట్టుకుంటివి బా,
నా గడప నిన్ను చూడనే లేదు.
బాకీ వసూలుకు వస్తనంటివి,
మెడ చుట్టుకుందమంటె నువ్వు వంగవైతివి..."

ఎంతసేపు పాడానో తెలియదు. అవతలి ఒడ్డు నుంచి ఆడవాళ్లు అందుకున్నారు. నీళ్లలోని మగవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. లోపలి నుంచి యాడి చెయ్యి చాచి నా కాలు పట్టుకుంది. ఈసారి గిల్లలేదు. పడిపోకుండా పట్టుకుంది.

బాని మంచం మీద పడుకోబెట్టి భుజాల మీద వాగు దాటించారు. రాజేందర్ ముందు పట్టాడు. పర్వేజ్ అన్న ప్యాంటు తడుస్తుంటే చూసుకోకుండా వెనక పట్టాడు. యాడిని ఆడవాళ్లు వచ్చి నడిపించుకుపోయారు.

నేను తలుపు వేయడానికి వెనక్కి తిరిగాను. సీటు మీద బా పడుకున్నచోట మెత్త ఇంకా లోతుగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగానే ఉంది. మీట ఆపబుద్ధి కాలేదు. తలుపు అట్లాగే వదిలేసి నీళ్లలోకి దిగాను.